78,000 కిలోమీటర్లు తిరిగిన డీజిల్ లగ్జరీ ఎస్‌యూవీ: లాగుడు బ్రహ్మాండం, పేచీ అంతా మసి ఫిల్టర్‌తోనే

స్క్రీన్లు, సీటు మసాజ్, సన్‌రూఫ్ సంగతి షోరూమ్‌లోనే చెప్తారు, ఇక్కడ వద్దు. ఈ 3 లీటర్ల, 6 సిలిండర్ల డీజిల్ బండిని నాలుగేళ్లయినా వదలబుద్ధి కాకపోవడానికి కారణం ఒక్కటే: లాగుడు. 1,500 ఆర్‌పీఎం దాటీదాటకముందే 600 న్యూటన్ మీటర్లు అందుతాయి. ఒంగోలు దగ్గర గ్రానైట్ దిమ్మెల ట్రైలర్ వెనక 60లో ఇరుక్కున్నారనుకోండి, పెడల్ కాస్త నొక్కితే చాలు. రెండుంబావు టన్నుల బండి హడావుడి లేకుండా 100 అందుకుంటుంది, వెనక సీట్లో నిద్రపోయేవాళ్లకు తెలియను కూడా తెలియదు. 2 లీటర్ల పెట్రోల్ బండి అదే పని గేర్లు దించుకుని, అరిచి చేస్తుంది.

80 లీటర్ల ట్యాంకు నింపితే నెల్లూరు నుంచి అద్దంకి, నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ పోయి రావచ్చు.

ఇక పేచీ. 2020లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లన్నిటికీ డీపీఎఫ్, అంటే మసి ఫిల్టర్ తప్పనిసరైంది. (ఆడి అయితే అప్పుడే మన దేశంలో డీజిల్‌కి దండం పెట్టేసింది.) ఈ ఫిల్టర్ మసిని పట్టి, నిండాక 600 డిగ్రీల వేడిలో కాల్చేసుకుంటుంది. ఆ వేడి కోసం ఇంజిన్ కొంచెం డీజిల్‌ని ఆలస్యంగా చిమ్ముతుంది. కాలడానికి ఆగకుండా 15, 20 నిమిషాలు పోవాలి. నెల్లూరు టౌన్‌లోనే మాగుంట లేఅవుట్ నుంచి ట్రంకు రోడ్డుకి, అక్కణ్ణించి వేదాయపాళేనికి తిరిగితే ఆ పని ఎప్పటికీ సగంలోనే ఆగుతుంది.

నా బండిలో 41,000 కిలోమీటర్ల దగ్గర ఈ పేచీ మొదలైంది. బండి ఆపాక కూడా ఫ్యాను పది నిమిషాలు తిరగడం, ఐడ్లింగ్ 700 నుంచి 900కి పోవడం, టౌన్‌లో 9 ఇచ్చే మైలేజీ 6కి పడటం. 500 కిలోమీటర్లకోసారి జరగాల్సిన కాల్చుడు 150కే జరిగేది. అన్నిటికన్నా చెడ్డ గుర్తు ఆయిల్ లెవెల్ తగ్గకుండా పెరగడం. ఆలస్యంగా చిమ్మిన డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పల్చబడితే ముందు దెబ్బతినేది టర్బో బేరింగులే.

సర్వీస్ సెంటర్‌లో ఫిల్టర్ మొత్తం మార్చాలన్నారు, లక్షల్లో మాట. తీరా చూస్తే తప్పు ఫిల్టర్‌ది కాదు. ఫిల్టర్‌కి ముందూ వెనకా ఒత్తిడి తేడా కొలిచే చిన్న సెన్సర్ ఉంటుంది. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో పెట్టి స్కానర్‌లో చూస్తే ఆ తేడా సున్నా ఉండాలి. ఇందులో 28 మిల్లీబార్లు చూపించింది. పొట్టి తిరుగుళ్లలో సైలెన్సర్ ఆరక, చెమ్మా మసీ కలిసి సెన్సర్ రబ్బరు పైపుల్లోకి ఎక్కాయి. దాంతో ఖాళీ ఫిల్టర్ని కంప్యూటర్ నిండిందనుకునేది. సెన్సర్, రెండు పైపులు మార్చి, స్కానర్‌తో పాత లెక్క చెరిపి, ఆయిల్ కూడా మారిస్తే బండి మామూలైంది. ఖర్చు వేలల్లోనే. ఫిల్టర్ మార్చాలని ఎవరన్నా అంటే ముందు ఆ సున్నా చూపించమనండి.

మసి లైటు వెలిగితే గూడూరు వైపు పోబాకండి, వెంకటాచలం టోల్ దగ్గర ఆగాల్సొస్తుంది. పెన్నా దాటి కావలి వైపు పొండి, ముసునూరు టోల్ దాకా అడ్డం ఉండదు. గేరు మాన్యువల్‌లో పెట్టి 2,000 తగ్గకుండా, 80లో పోతే చాలు. కోతల కాలంలో మాత్రం ఆ వేడి మీద బండిని ఎండుగడ్డి పైన నిలపబాకండి.

ఆయిల్ తక్కువ బూడిద రకమే పొయ్యాలి, లారీలకి పోసేది కాదు. మసి కాలిపోతుంది గానీ ఆయిల్ బూడిద ఫిల్టర్‌లోనే మిగిలిపోతుంది. కంపెనీ 15,000 అన్నా టౌన్ తిరుగుడుంటే 8,000కే మార్చండి. చీమకుర్తి క్వారీల వైపు పోయేవాళ్లు ఎయిర్ ఫిల్టర్ కూడా సగం గడువుకే చూసుకోవాలి.

యాడ్‌బ్లూ, అంటే పొగలో విషవాయువుల్ని తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా నీళ్లు, వెయ్యి కిలోమీటర్లకు లీటరు పైచిలుకు తాగుతుంది. మీటర్‌లో మిగిలిన దూరం సున్నాకొచ్చాక బండి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. నెల్లూరు మే నెల ఎండకి డబ్బా డిక్కీలో పెట్టుకోబాకండి, చెడిపోతుంది. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే ఇగ్నిషన్ కూడా వెయ్యకుండా ట్యాంకు దింపించాలి. ఒకసారి పంపు తిరిగిందంటే ఇంజెక్టర్ల దాకా పోతుంది.

ఒక్క ట్యాంకుతో హైదరాబాద్ పోయి రావచ్చన్న లెక్క 90లో పోతేనే. 120లో పోతే మైలేజీ 10, తిరుగుదారిలో ఒంగోల్లోనే బంకు చూసుకోవాలి. పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పుడు బయట టకటక వినబడుతుంది.

నెలకి నాలుగైదు సార్లు చెన్నైయో హైదరాబాదో పోయేవాళ్లయితే డీజిల్ తీసుకోవచ్చు, ఈ బండి పని అలాంటిదే. స్కూలు, అంగడి, ఆదివారం మైపాడు బీచ్ వరకే అయితే పెట్రోల్ చూసుకోండి. అయినా ఆ లాగుడు ఒకసారి నడిపి చూసినవాళ్లు ఈ మాట వింటారని నమ్మకం లేదు.