పాలకొల్లులో నెలనెలా జాజ్: కొన్నేళ్లుగా వింటున్న ఒక శ్రోత సమీక్ష

పాలకొల్లులో నెలకొక శనివారం సాయంత్రం జరిగే జాజ్ కచేరీలకు నేను కొన్నేళ్లుగా వెళుతున్నాను. కొత్తగా రాదలచిన వారికి ముందుగా చెప్పవలసింది ఏమిటంటే, ఒక్క కచేరీ విని అభిప్రాయం ఏర్పరచుకోవద్దు, వీలైతే మూడు నాలుగు నెలలు వరుసగా వినండి. జాజ్‌లో బాణీ అందరికీ తెలిసినదే అయి ఉంటుంది. ఆ పూట ఆ వాద్యకారుడు దానిని ఎటు నడిపించాడన్నదే అసలు విషయం గనుక, ఒకే బాణీని వేర్వేరు నెలల్లో వేర్వేరు చేతుల్లో విన్నప్పుడు గాని ఆ తేడాలోని రుచి తెలియదు.

కచేరీ జరిగేది ఒక పాత కల్యాణ మండపం పై అంతస్తులో. నూరు కుర్చీలు వేస్తే నడవడానికి దారి ఉండదు, కానీ సంగీతానికి ఆ ఇరుకే మేలు చేసింది. డ్రమ్స్ వాయించే యువకుడు కర్రలు పక్కన పెట్టి, సన్నని తీగల బ్రష్షులు అందుకుని స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద గుండ్రంగా రాస్తుంటే, ఆ సరసర మైకు లేకుండానే చివరి వరుస దాకా వినిపిస్తుంది.

హైదరాబాదు నుంచో చెన్నై నుంచో ఒకరిద్దరు అతిథులు వస్తారు గాని, తక్కిన బృందమంతా ఈ చుట్టుపక్కల వారే. కీబోర్డు, డ్రమ్స్ వాయించేవారు ఆదివారం ఆరాధనలో చర్చిలో వాయించే కుర్రాళ్లు. క్లారినెట్, ట్రంపెట్, శాక్సఫోన్ పెళ్లి బ్యాండు మేళాల నుంచి వచ్చాయి. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో తొలినాటి జాజ్ కూడా ఊరేగింపుల్లోనూ శవయాత్రల్లోనూ వాయించే బ్రాస్ బ్యాండుల నడుమ ఎదిగినదే కాబట్టి, ఈ కలయికను నేను కాకతాళీయమని అనుకోను. క్లారినెట్ మాస్టారు టపాకాయల మోతను దాటి వినిపించేలా ఊదడం అలవాటైన మనిషి, అందువల్ల మొదట్లో హాలు దద్దరిల్లిపోయేది. ఇప్పుడాయన నోటి దగ్గరి సన్నని రెల్లు బద్దను, అంటే రీడును, పెదవులతో తడుపుకుంటూ, అడుగు స్వరాల వాద్యమైన బేస్ వాయించే అతని వేళ్లవైపు చూస్తూ రెండు బార్లు, అంటే నాలుగేసి దెబ్బల లెక్కలు రెండు, ఊరుకుంటారు. మూడో బారు మధ్యలో ఒక్క స్వరాన్ని అడుగు నుంచి జారుగా ఎత్తుకుంటారు. ఆ జారు మేళంలో చేతికి వచ్చినదే. దానిని అక్కడ అంత మెత్తగా ఉంచడం మాత్రం ఈ హాలులోనే వచ్చింది.

కర్ణాటక సంగీతం వినే అలవాటున్న వారికి మొదట చిక్కు తాళం దగ్గర వస్తుంది. జాజ్‌కు మూలాల్లో ఒకటైన బ్లూస్ అనే పాటల బాణీలో పన్నెండు బార్ల చట్రం ఉంటుంది, అందులో బారుకు నాలుగు దెబ్బల చొప్పున ఆవర్తనం తిరుగుతుంది; ఒక్కొక్కరు ఆ చట్రం మీదే తమ కల్పన సాగిస్తారు. మనం సమం మీద, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ మీద, బరువు వేసి తొడ మీద తాళం వేస్తాం, వాళ్లు రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద ఊపు ఇస్తారు. ఇది ఒంటబట్టాక, నాలుగేసి బార్లు పంచుకుంటూ డ్రమ్స్‌తో శాక్సఫోన్ ప్రశ్న జవాబులాడే ఘట్టం కచేరీలో లయ వాద్యాలకే వదిలే తని ఆవర్తనంలో మృదంగమూ ఘటమూ ఎదురెదురుగా సాగినంత ఆనందాన్నిస్తుంది. నిర్వాహకులు ప్రతి కచేరీకి ముందు ఈ లెక్కను ఐదు నిమిషాలు వాయించి చూపించడం ఎంతో మంచి పద్ధతి.

ఈ ఊరికి జాజ్‌తో ఉన్న బంధం మాండొలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆయన 1983లో, బాల్యం దాటకముందే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వినిపించారు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్‌లతో, జాజ్‌ను భారతీయ సంగీతంతో కలిపిన రిమెంబర్ శక్తి బృందంలో వాయించారు. ఆయన 2014 సెప్టెంబరులో కన్నుమూశారు. అందుకే ఏటా సెప్టెంబరు కచేరీలో మాండొలిన్‌కు చోటిస్తారు, చించినాడ వంతెన దాటి రాజోలు వైపు నుంచి కూడా శ్రోతలు వస్తారు.

లోపాలు ఉన్నాయి. బయటి బృందాలు కొన్ని పెద్ద స్పీకర్లు తెచ్చుకుంటాయి, ఆ రోజు ఈ చిన్న హాలులో బేస్ తప్ప మరేమీ తెలియదు. చప్పట్ల కోసం సినిమా పాటలను గుదిగుచ్చి వాయించే అతిథులను మళ్లీ పిలవకపోవడమే మంచిదని నా అభిప్రాయం. సినిమా పాటను తీసుకుని దాని స్వరాలను విప్పి చూపితే అది జాజే అవుతుంది; ఉన్నదున్నట్టు వాయిస్తే ఆర్కెస్ట్రా అవుతుంది. ఉప్పుగాలికి, తేమకు పియానో నిలవదు గనుక కీబోర్డుతో సరిపెట్టుకోవడం అర్థం చేసుకోదగినదే. ఫ్యాన్లు ఆపితే ఉక్క, వేస్తే చప్పుడు. దీనికి ఇంతవరకూ దారి దొరకలేదు.

టికెట్టు లేదు, గుమ్మం దగ్గర పెట్టెలో తోచినంత వేయవచ్చు. ఏప్రిల్ 30న అంతర్జాతీయ జాజ్ దినం పేరిట జరిగే కచేరీకి జనం ఎక్కువ, శాలువాలు, ప్రసంగాలు మరీ ఎక్కువ. మొదటిసారి వచ్చేవారు దానికి బదులు కార్తీకం తర్వాత చలి మొదలయ్యే నెలలను ఎంచుకోండి. అప్పుడు ఫ్యాన్ల అవసరం ఉండదు, బ్రష్షుల సవ్వడి వరకూ అన్నీ వినిపిస్తాయి.