మారిషస్‌లో ఏడేళ్ల కాపురం: జమాఖర్చుల పుస్తకం చూసి రాసిన సమీక్ష

మా వారికి ఎబెన్ సైబర్‌సిటీలో (ఇక్కడి ఐటీ కంపెనీల కేంద్రం) ఉద్యోగం రావడంతో 2018 ఆగస్టులో ఇద్దరు పిల్లలతో విశాఖపట్నం నుంచి మారిషస్‌కు వచ్చాము. వచ్చిన మొదటి నెల నుంచి ఇంటి జమాఖర్చులు నేనే రాస్తున్నాను. కుటుంబంతో ఇక్కడికి రావాలనుకునే వారికి ఆ పుస్తకం ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. ఇక్కడి నెల ఖర్చు ముఖ్యంగా రెండింటిని బట్టి ఉంటుంది. ఇల్లు ఏ ఊళ్లో తీసుకున్నామన్నది మొదటిది, మన వంటను ఇక్కడ పండే వాటికి ఎంత మలచుకున్నామన్నది రెండవది. మిగిలినవన్నీ వీటి తరువాతే.

ముందు రూపాయి సంగతి చెప్పాలి. ఇక్కడి నాణెం పేరూ రూపాయే కాబట్టి, కొత్తలో ప్రతి ధరనూ రెండుతో హెచ్చవేసుకుని చూసి భయపడేదాన్ని. అప్పట్లో ఒక మారిషస్ రూపాయి సుమారు రెండు భారతీయ రూపాయలకు సమానం. 2018లో డాలరుకు 34, 35 రూపాయల దగ్గర ఉన్న మారకం 2024 నాటికి 46 దాటింది. తినే బియ్యం, నూనె, పప్పు, పాలపొడి దాదాపుగా అన్నీ ఓడల మీద రావలసిన దేశం కనుక, ఆ పతనం నేరుగా కిరాణా బిల్లులో కనబడింది. భారతీయ రూపాయి కూడా డాలరు ముందు పడిపోయింది కాబట్టి, ఇంటికి పంపే డబ్బు విలువ మాత్రం అంతగా కాకపోయినా కొంత తగ్గింది. జీతం మాట్లాడుకునేటప్పుడు ఈ విషయాన్ని గట్టిగా మనసులో పెట్టుకోవాలి.

మొదటి ఏడాది సముద్రం మీది మోజుతో పడమటి తీరాన ఫ్లిక్-ఆన్-ఫ్లాక్‌లో సామానుతో సహా ఉన్న ఫ్లాటు తీసుకున్నాము. అద్దె 32 వేల మారిషస్ రూపాయలు (ఇకపై చెప్పే ధరలన్నీ ఆ రూపాయల్లోనే). డిసెంబరు నుంచి మార్చి వరకు రెండు పడకగదుల్లో ఏసీ లేనిదే పిల్లలు నిద్రపోయేవారు కాదు, కరెంటు బిల్లు నెలకు నాలుగున్నర వేలు వచ్చేది. ఆయన ఆఫీసుకు బస్సులో వెళ్లిరావడానికే రోజుకు రెండు గంటలకు పైగా పట్టేది. ఆ తరువాత దీవి నడిమి ఎత్తు ప్రాంతంలోని కాత్ర్ బోర్న్‌కు మారాము. అక్కడ మూడు పడకగదుల ఇల్లు 23 వేలకు దొరికింది, ఏసీ అవసరమే రాలేదు, కరెంటు బిల్లు రెండు వేల లోపుకు దిగింది. ఇంకా పైకి వెళ్లి క్యూర్‌పిప్‌లో ఉంటే అద్దె మరికొంత తగ్గుతుంది. కానీ అక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు తుంపర, పొగమంచు, చెమ్మే. అక్కడ ఉండే మా స్నేహితురాలి ఇంట్లో బీరువాలోని పట్టుచీరలకు బూజు పట్టింది. గాలిలో తేమ లాగే యంత్రం కొనడం, దాన్ని నిత్యం నడపడం ఆమెకు అదనపు ఖర్చు.

ఇల్లు చూసేటప్పుడు గదులకన్నా ముందు మిద్దె మీద నీళ్ల ట్యాంకు, దానికి మోటారు ఉన్నాయో లేదో చూడండి. వానలు రాకముందు, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, కుళాయి నీరు కొన్ని గంటలే వదిలే రోజులు ఉంటాయి. మా మొదటి ఇంటి యజమాని గోడల రంగు పాడైందంటూ అడ్వాన్సులో సగానికి పైగా పట్టుకున్నారు. ఇంట్లో దిగిన రోజునే ప్రతి గోడనూ ఫొటో తీసి ఆయనకు పంపి ఉంటే ఆ డబ్బు మాకు దక్కేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది. రెండవ ఇంటికి ఆ పని మరచిపోలేదు.

ఇక వంటిల్లు. కాత్ర్ బోర్న్‌లో బుధవారం, శనివారం కూరగాయల సంత జరుగుతుంది. అక్కడ ధర ఎక్కువగా 'లీవ్' లెక్కన చెబుతారు. లీవ్ అంటే అర కిలో. ఈ ముక్క తెలియక మొదటి నెలంతా అన్నీ సగం ధరకే దొరుకుతున్నాయనుకుని, సంచి బరువు చూసుకుని తికమకపడ్డాను. ఆకుకూరలు కట్టల లెక్కన వస్తాయి, వాటిని 'బ్రెద్' అంటారు. మునగాకు పేరు 'బ్రెద్ మురుమ్', కొత్తిమీర 'కొతొమిలి', కరివేపాకు 'కరిపులే'. మన దక్షిణాది నుంచి వలస వచ్చిన కూలీల నోటి మాటలు ఇక్కడి జనం మాట్లాడే క్రియోల్ భాషలో ఇలా నిలిచిపోవడం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే విషయం. కూరగాయలు, కోళ్లు, గుడ్లు దీవిలోనే పుష్కలంగా ఉత్పత్తి అవుతాయి. సొరకాయ, బెండ, వంకాయ, చేమాకు, బెంగళూరు వంకాయ వంటి వాటితో వంట నడుపుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది.

అదుపు తప్పేది తుఫాను తరువాత. 2024 జనవరి 15న బెలాల్ తుఫాను రాజధాని పోర్ట్ లూయిస్ వీధులను ముంచెత్తింది. ఆ తరువాతి వారాల్లో నేను టమాటాలు లీవ్ 125 రూపాయలకు కొన్నాను, కొత్తిమీర కట్ట కంటికి కనబడలేదు. అందుకే నవంబరు రాగానే టమాటాలను ఉడికించి గుజ్జుగా ఫ్రీజర్‌లో పెట్టుకోవడం, చింతపండు, ఎండు సొరచేప వంటివి నిల్వ ఉంచుకోవడం నాకు అలవాటైంది.

బియ్యం విషయంలో మన పట్టుదలకు మూల్యం చెల్లించాలి. బాస్మతి ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, ప్రభుత్వ రాయితీతో వచ్చే రేషన్ బియ్యం మరీ చవక. సోనా మసూరి మాత్రం భారతీయ సరుకులు అమ్మే కొద్ది దుకాణాల్లోనే ఉంటుంది. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు ఆ బస్తాలు మాయమయ్యాయి. ఆ తరువాత మారిషస్‌కు ప్రత్యేకంగా 14,000 టన్నులకు అనుమతి ఇచ్చినా, నేను వెళ్లే దుకాణానికి మేము తినే రకం చాలా కాలం రాలేదు. 2024 సెప్టెంబరులో నిషేధం ఎత్తివేసే నాటికి పిల్లలు ఇక్కడి బియ్యానికి అలవాటుపడిపోయారు, ఇప్పుడు సోనా మసూరి పండుగలకే తెస్తున్నాను. ఉదయం పూటకు రాయితీ ధర మీద అమ్మే చిన్న రొట్టె ఉండనే ఉంది. చాలా ఏళ్లపాటు దాని ధర 2 రూపాయల 60 సెంట్లు దాటలేదు. దోసెలకు మినప్పప్పు నానబోసే రోజులు మా ఇంట్లో వారానికి రెండుకు తగ్గాయి.

తాజా పాలు దొరకడం అరుదు. డబ్బా పాలు లేదా పాలపొడే గతి. పెరుగు గట్టిగా తోడుకోవాలంటే డబ్బా పాలలో రెండు చెంచాల పాలపొడి కలిపి గోరువెచ్చగా కాచి తోడు వేయాలి. బయట కప్పుల్లో అమ్మే పెరుగు కొంటే ఒక్క పెరుగన్నానికే నెలకు రెండు వేలు పోతాయి.

చదువు ఖర్చు అద్దెతో పోటీ పడుతుంది. ఇక్కడి పౌరులకు ప్రభుత్వ బడుల్లో చదువు ఉచితం, ప్రాథమిక స్థాయిలో తెలుగు కూడా నేర్పుతారు, ఉగాది జాతీయ సెలవుదినం. మేము మాత్రం రేపు తిరిగి వెళ్లవలసి వస్తుందేమోనని ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడి ఎంచుకున్నాము. ఫీజు ఒక్కొక్కరికి నెలకు 11 వేలు. ఇక్కడ బడి సంవత్సరం జనవరిలో మొదలవుతుంది కాబట్టి జూన్ లెక్కకు అలవాటైన పిల్లలు అర సంవత్సరం ముందుకో వెనక్కో జరగవలసి వస్తుంది. ఫ్రెంచి రాక మా పెద్దవాడు మొదటి ఏడాది చాలా కుంగిపోయాడు. ట్యూషన్ పెట్టించాక తేరుకున్నాడు. ఆ ట్యూషన్ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

ప్రయాణాలకు ఇప్పుడు మెట్రో పెద్ద ఊరట. 2022 అక్టోబరులో క్యూర్‌పిప్ వరకు పొడిగించాక ఆయన కారు తీసే రోజులు సగానికి తగ్గాయి. పెట్రోలు ధర దీవి అంతటా ఒక్కటే, 2022లో లీటరు 74 రూపాయలు దాటింది. పాత కార్ల ధర మాత్రం మన ఊరి కొత్త కారు ధరను మించి ఉంటుంది.

ఎవరూ లెక్క వేయని పద్దు విమానం టికెట్లు. విశాఖకు గానీ హైదరాబాదుకు గానీ నేరుగా విమానం లేదు, ముంబయి వంటి చోట మారాలి. నలుగురం ఏడాదికి ఒకసారి వెళ్లివస్తే లక్షా 20 వేల మారిషస్ రూపాయలు. 2020 మార్చిలో సరిహద్దులు మూసినప్పటి నుంచి 2021 అక్టోబరులో పూర్తిగా తెరిచే వరకు ఆ డబ్బు మిగిలింది గానీ, మా మామగారి చివరి చూపు మాకు దక్కలేదు.

2024లో మా నెల సగటు ఇది: అద్దె 26 వేలు, తిండి 22 వేలు, చదువు, ట్యూషన్లు 27 వేలు, కారు 8 వేలు, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్, ఫోన్లు 5 వేలు, వైద్యం 4 వేలు, టికెట్ల కింద పక్కన పెట్టేది 10 వేలు. మొత్తం లక్షా రెండు వేలు. ఇక్కడ ఎక్కువమంది ఉద్యోగులకు డిసెంబరులో ఒక నెల జీతం బోనసుగా వస్తుంది. మేము దాన్ని టికెట్లకే కేటాయించి, ఆ నెలవారీ పదివేలను ఈ సంవత్సరం నుంచి పెద్దవాడి కాలేజీ చదువు కోసం దాస్తున్నాము.