రెండేళ్ళు ఆంకీ వాడాక: లెండ్, బారో, ఇంకా లొంగని ‘లే’

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్ డ్యూటీ నాది. ఒక రాత్రి ఢిల్లీ నుంచి వచ్చినాయన ఛార్జర్ ఉందా అంటే, “ఐ విల్ బారో యూ” అన్నాను దర్జాగా. ఆయన నవ్వాపుకోవడం చూశాక ఆ రాత్రే ఫోన్‌లో ఆంకీ వేసుకున్నా, కార్డులు తిప్పుతూ మాటలు గుర్తుపెట్టుకునే యాప్ అది. ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో అయితే డబ్బు కట్టాలి. కార్డు చూసి జవాబు మనసులో అనుకోవాలి, తిప్పి చూసి వచ్చిందో లేదో మనమే నొక్కాలి. రానిది కాసేపట్లోనే మళ్ళీ తగులుతుంది. వచ్చినది రోజులు, తర్వాత నెలల ఎడంతో పలకరిస్తుంది.

మొదటి ఆరు నెలలు దండగ. ఎవరో చేసిపెట్టిన కార్డుల కట్ట దించుకున్నా. ముందు ఇంగ్లీషు మాట, వెనక తెలుగు అర్థం. సే అంటే చెప్పు, టెల్ అన్నా చెప్పే. అన్నీ ‘ఈజీ’ అని నొక్కేశా. కౌంటర్ దగ్గర నోరు తెరిస్తే పాత కథే.

ఆ కట్ట తీసేసి, లాడ్జిలో రోజూ వినబడే వాక్యాల్లో క్రియ ఎగరగొట్టి సొంత కార్డులు చేసుకున్నాక దారిలో పడింది. టెల్ పక్కన నేరుగా మనిషి రావాలి, సే అయితే మనిషికి ముందు ‘టు’ కావాలి. స్టీల్ పక్కన పోయిన వస్తువు, రాబ్ పక్కన పోగొట్టుకున్న మనిషి. పర్సును స్టీల్ చేస్తారు, పర్సుగలాయన్ని రాబ్ చేస్తారు.

లెండ్, బారో దగ్గర మన ఇబ్బంది వేరే. మనకు చేబదులు ఒకటే మాట, ఇచ్చామా తీసుకున్నామా అన్నది పక్కన తగిలిస్తాం. వాళ్ళకు ఆ ముక్క మాటలోపలే ఉంది. అందుకే లెండ్ కార్డు మీద ‘చేబదులియ్యి’, బారో కార్డు మీద ‘చేబదులు తీసుకో’ అని పూర్తిగా రాసుకున్నా. రిమైండ్, రిమెంబర్ కూడా అంతే: గుర్తుచెయ్యి, గుర్తుపెట్టుకో. తెల్లారకముందే లేపమని “రిమెంబర్ మీ ఎట్ టూ” అని ఎవరైనా చెబితే ఇప్పుడు చెవికి గుచ్చుకుంటుంది. సరిదిద్దను లెండి, గెస్టు కదా.

రైజ్, రెయిజ్ ఒక్క పూటలో తెలిశాయి. మనకు లేచు, లేపు ఉండనే ఉన్నాయి.

యాప్‌తో చిక్కు ఒకటుంది. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ ఊపిరాడక ఫోన్ ముట్టకపోతే, పదో రోజు వందల కార్డులు వడ్డీతో సహా ఎదురొచ్చాయి. అప్పట్నుంచి రోజుకు కొత్త కార్డులు మూడే పెట్టుకున్నా.

నాకు ఇంకా లొంగనిది లై, లే జంట. పడుకోవడం లై, పడుకోబెట్టడం లే. అంతవరకు బాగానే ఉంది. కానీ నిన్న పడుకున్నాడు అన్నా లేనే! మన ఊళ్ళో “లే” అంటే లేవమని. ఆ కార్డు ఈ పొద్దున కూడా వచ్చింది. మళ్ళీ తప్పే నొక్కా.