హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానం: ఆరు సీజన్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది ఆట మీద సమీక్ష కాదు. వరసపెట్టి ఓడిపోయే జట్టుకు అభిమానిగా ఉంటే ఇంట్లో, ఆఫీసులో, స్నేహితుల మధ్య మన పరిస్థితి ఎలా ఉంటుందన్నదే ఇక్కడి విషయం. 2019లో ఈ ఫుట్‌బాల్ క్లబ్ పుట్టినప్పటి నుంచి 2025లో ఢిల్లీకి తరలిపోయేదాకా వదలకుండా వాడాను.

మంచి రోజుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మొదటి సీజన్లో అట్టడుగు స్థానం. తర్వాత మనోలో మార్క్వెజ్ కోచ్‌గా వచ్చాడు, జట్టు గాడిన పడింది. 2022 మార్చి 20న గోవా ఫతోర్దాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన గోల్‌తో 1-1 అయింది. పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనది. మర్నాడు ఆఫీసులో స్వీట్లు పంచితే "ఏంటి, పెళ్లి కుదిరిందా?" అన్నారు. ఈ ఊళ్లో "మన టీమ్" అంటే సన్‌రైజర్సే కదా.

అసలు సంగతి 2023-24 సీజన్లో మొదలైంది. బకాయిల గొడవలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం, విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం. 22 మ్యాచ్‌లలో ఒక్క గెలుపు, 8 పాయింట్లు. రాయదుర్గం వరకు మెట్రో, అక్కడి నుంచి ఐటీ ట్రాఫిక్‌లో ఆటో, గచ్చిబౌలి స్టేడియంలో ఓటమి, అర్ధరాత్రికి ఇల్లు. అమ్మ ఊరుకుంటుందా? "వాళ్లేమన్నా నీకు జీతమిస్తున్నారా?" అంది. "వాళ్లకే సరిగ్గా రావట్లేదంటమ్మా" అన్నాను. ఆ తర్వాత మా ఇంట్లో ఫుట్‌బాల్ ప్రస్తావన రాలేదు.

జనం పలచబడ్డాక స్టాండ్‌లో మాత్రం లోకం మారిపోయింది. గెలిచే రోజుల్లో పక్క సీటువాడి పేరు కూడా తెలిసేది కాదు. ఆ తర్వాత ఎవరు రాలేదో ఇట్టే తెలిసిపోయేది, ఎందుకు రాలేదని ఫోన్ చేసి మరీ తిట్టేవారు. పాత హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ రహీమ్ సాబ్ కాలం కబుర్లు చెప్పే ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టిందని, హాఫ్ టైమ్‌కి మనం రెండు గోల్స్ వెనకబడి ఉన్నప్పుడే గుర్తుచేసేవారు. ఓదార్పో దెప్పిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఆఫీసులో మా టీమ్‌లోని త్రిస్సూర్ కుర్రాడు. వాడు బ్లాస్టర్స్ మనిషి. రెండు క్లబ్‌ల రంగూ పసుపే కాబట్టి కేరళ జట్టు గచ్చిబౌలికి వస్తే ఎవరి స్టాండ్ ఎవరిదో అర్థమయ్యేది కాదు. ఆ ఫైనల్ తర్వాత చాన్నాళ్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు, భలే ఉండేది. మేం ఓడడం మొదలయ్యాక మొదట్లో ఎగతాళి చేశాడు, అదీ బాగానే ఉంది. ఒకరోజు కాఫీ మెషీన్ దగ్గర భుజం మీద చెయ్యేసి "ఫర్వాలేదు బ్రో, కుర్రాళ్లు బాగానే ఆడారు" అన్నాడు. ఐఎస్‌ఎల్‌లో అప్పట్లో కింది డివిజన్‌కు పంపే పద్ధతి లేకపోయినా, నన్ను మాత్రం ఆ రోజే కిందికి పంపేశారనిపించింది.

2024 నవంబర్లో కొచ్చిలో బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించాం. ఆల్బా రెండు గోల్స్ కొట్టాడు, రెండోది పెనాల్టీ. అది హ్యాండ్‌బాల్ కాదని, రిఫరీకి కళ్లు లేవని వాడు లంచ్ అంతా నాతో గొడవపడ్డాడు. ఆరు సీజన్లలో నాకు అన్నిటికంటే నచ్చిన మధ్యాహ్నం అదే. కప్పు గెలిచిన రోజు కూడా దాని తర్వాతే. ఆ సీజన్ చివరికి కింది నుంచి రెండో స్థానం, అది వేరే విషయం.

ఎవరికి నప్పుతుంది? ఆదివారం సాయంత్రాలు ఖాళీగా ఉండి, కొత్త ఊళ్లో నలుగురు మనుషులు కావాలనుకునేవాళ్లకు. గెలిచే జట్టు దగ్గర మీకు సీటు దొరుకుతుందేమో, మనుషులు దొరకడం కష్టం. ఇంట్లో ప్రశాంతత కోరుకునేవాళ్లకు సిఫారసు చేయను.

అయితే ఈ సరుకు ఇప్పుడు మార్కెట్లో లేదు. క్లబ్ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. మా గ్రూప్‌లో సగం మంది ఊళ్లోని మరో క్లబ్ శ్రీనిధి డెక్కన్ వైపు వెళదామంటున్నారు. 2022-23, 2023-24 రెండు సీజన్లలోనూ ఐఎస్‌ఎల్ కింది స్థాయి అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానం వాళ్లది, అంటే ఆడటం వచ్చు. త్రిస్సూర్ కుర్రాడు కూడా వస్తానంటున్నాడు. వాణ్ని మా వైపు కూర్చోబెట్టాలా వద్దా అన్నదాని మీద గ్రూప్‌లో ఇంకా పంచాయితీ నడుస్తోంది.