పిల్లల ఊపిరితిత్తుల విభాగం: వైద్యానికి ఐదుకు ఐదు, బిల్లింగ్‌కు ఒకటి

మా అక్క కొడుక్కి రెండేళ్లు. జ్వరం, దగ్గు, మందులు వాడితే తగ్గడం, ఆపితే మళ్లీ మొదలు. అంతకుముందు చూపించిన చోట వెళ్లినప్పుడల్లా న్యుమోనియా అన్నారు, యాంటీబయాటిక్ మార్చారు, నెబ్యులైజర్ పెట్టారు, అంతే. ఇక్కడ మేడమ్ ఫైలు తెరవకముందే, "అమ్మా, ఈ దగ్గు రాకముందు బాబుకి ఏదైనా తింటూ గట్టిగా పొలమారిందా?" అని అడిగారు. పల్లీలు తింటుంటే పొలమారి ముఖం ఎర్రబడిందండీ, ఎవరో తలుచుకుంటున్నారని తల మీద తట్టాం, కాసేపటికి మామూలుగానే ఆడుకున్నాడు, అంది అక్క. ఆ ఒక్క ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు!

తర్వాత పాత ఎక్స్‌రేలన్నీ వరసగా పెట్టి చూపించారు, మచ్చ ప్రతిసారీ కుడివైపు కింది భాగంలోనే. పల్లీ ఎక్స్‌రేలో కనపడదు. కుడి శ్వాసనాళం ఎడమదాని కంటే వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కాబట్టి జారిపడినవి ఎక్కువగా అటే పోతాయి, దారి మూసుకుపోయి కింద కఫం నిలిచిపోతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, ఇక ఆ అడ్డు తీయకుండా ఎన్ని మందులు వాడినా మళ్లీ వస్తూనే ఉంటుందని కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. మత్తు ఇచ్చి బ్రాంకోస్కోపీతో, అంటే శ్వాసనాళంలోకి కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి, తీశారు. చిన్న సీసాలో వేసి చూపించారు, సగం పల్లీ బద్ద, నాని ఉబ్బిపోయి, పొట్టు ఊడిపోయి, చుట్టూ చీము. అది చూసి అక్క కూలబడిపోయింది.

నర్సులు బంగారం. ఇంటికి పంపే ముందు బొమ్మ మీద చేసి చూపించారు: ఏడాది లోపు పాపాయికి గొంతులో ఏదైనా అడ్డుపడి ఊపిరాడకపోతే తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని భుజాల మధ్య 5 దెబ్బలు, వెల్లకిలా తిప్పి ఛాతీ మీద 5 నొక్కులు, కనపడని దానికోసం గొంతులో వేలు పెట్టొద్దు. ఏడాది దాటినవాళ్లకు ఛాతీకి బదులు పొట్ట మీద నొక్కాలట.

బిల్లింగ్ మాత్రం ఘోరం. పిల్లాడు లోపల ఉంటే అడ్వాన్స్ కోసం ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి తిప్పారు. మత్తుకి సంతకం పెట్టే కాగితం ఇంగ్లీషులోనే ఉంది, ఊళ్ల నుంచి వచ్చే తల్లిదండ్రులకు అది ఎలా అర్థమవుతుంది? దయచేసి తెలుగులో వేయించండి.

వెళ్లేవాళ్లు పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు అన్నీ పట్టుకెళ్లండి. పొలమారిన సంగతి ఎన్ని వారాల కిందటిదైనా సరే, వాళ్లు అడక్కపోయినా చెప్పండి.