హెచ్చరిక: తేలికపాటి పీట్ పొగ సింగిల్ మాల్ట్‌ను బయటి వ్యక్తుల దగ్గర కొనేవారికి

గ్లాస్గోలో ఉంటూ స్కాచ్ సింగిల్ మాల్ట్‌ల (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో చేసే విస్కీల) రుచి మరిగిన నాలాంటి తెలుగువారికి, ముఖ్యంగా లైసెన్సున్న దుకాణాన్ని వదిలి ఆన్‌లైన్‌లో వ్యక్తుల నుంచి సీసాలు కొంటున్నవారికి ఇది రాస్తున్నాను. గత నెల స్కాట్లాండ్‌లోని స్పేసైడ్ ప్రాంతపు మాల్ట్ ఒకటి, దుకాణం ధర కన్నా 15 పౌండ్లు తక్కువకే వస్తోందన్న ఆశతో ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర కొన్నాను. దాని పేరు రాయడం లేదు. తప్పు డిస్టిలరీది కాదు, సీసా తెరిచి మళ్లీ నింపినవారిది.

తేలికగా పీట్ (చిత్తడి నేలల్లో తవ్వితీసి, ఎండబెట్టి కాల్చే మట్టి) పొగ పట్టించినదనీ, 46 శాతం ఆల్కహాల్ అనీ, చిల్ ఫిల్టర్ చేయనిదనీ (అంటే చల్లబరిచి, మసక తెప్పించే పదార్థాలను వడకట్టలేదనీ) లేబుల్ మీద ఉంది. అటువంటి మాల్ట్‌లో తేనె, బార్లీ వాసనల వెనుక, నెగడు ఆరిన మర్నాటి బూడిద వాసన సన్నగా తగలాలి. నాకు తగిలింది మాడిన చక్కెర పాకం, దాని వెంటే గొంతు మండించే స్పిరిట్. అయినా రెండు రోజులు నా ముక్కునే అనుమానించాను. ఐలా ద్వీపపు ఆర్డ్‌బెగ్ వంటి వాటిలో పొగ లేకపోతే మూత తీయగానే మోసం దొరికిపోతుంది. ఇక్కడ మాత్రం ‘తేలిక అంటే ఇంతేనేమో’ అని మనకు మనమే సర్దిచెప్పుకుంటాం. పొగ మోతాదును చెప్పే పీపీఎం (పది లక్షల్లో ఎన్ని భాగాలు) అంకె కూడా ఆదుకోదు, ఎందుకంటే అది సాధారణంగా పొగలో ఆరబెట్టిన బార్లీలోని ఫినాల్స్ (పొగ వాసననిచ్చే రసాయనాలు) కొలతే తప్ప సీసాలోని విస్కీది కాదు. స్వేదనంలో వాటిలో చాలా భాగం పోతుంది.

చివరకు అదే మాల్ట్‌ను దుకాణంలో కొని రెండు గ్లాసులనూ పక్కపక్కన పెట్టాను. మంచుముక్కలు వేసిన కాసేపటికి అసలుది గంజితేటలా మసకబారింది, నాది గాజులా తేటగానే ఉండిపోయింది. ఈ ఒక్కటే రుజువు కాదు కనుక ఖాళీ గ్లాసులను రాత్రంతా వదిలేసి పొద్దున వాసన చూశాను: అసలు గ్లాసులో పొగ ఇంకా ఉంది, రెండోదానిలో తీపి తప్ప ఏమీ లేదు. అప్పుడు సీసాను వెలుతురులో తిప్పి చూస్తే అడుగంచున ఉండవలసిన లాట్ సంఖ్య (ఏ విడతలో నింపిన సీసానో చెప్పేది) గీకేసి ఉంది, మూత చుట్టూ ఉన్న రేకు అంచుకు బంక మరక అంటి ఉంది. డబ్బు ఇచ్చే ముందే ఇవి చూడవలసింది.

2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం అందులో నీళ్లు, రంగు కోసం సాదా కారమెల్ తప్ప మరేదీ కలపరాదు. రుచి పోయిందన్నది చిన్న విషయం. నకిలీ మద్యంలో మెథనాల్ ఉంటే చూపూ పోతుంది, ప్రాణమూ పోతుంది. అనుమానం వచ్చాక కూడా రుచి కోసం మరో రెండు గుక్కలు తాగడం నా బుద్ధితక్కువ పని, మీరు చేయకండి. సీసాను పారబోయకుండా, అమ్మకందారుతో జరిగిన సందేశాలతో సహా స్థానిక కౌన్సిల్‌లోని ట్రేడింగ్ స్టాండర్డ్స్ విభాగానికి చూపించాలనే దాచాను. మళ్లీ నింపి అమ్మడానికి ఖాళీ సీసాలను అట్టపెట్టెతో సహా కొనేవారు ఆన్‌లైన్‌లో ఉన్నారు కనుక, దుకాణంలో కొన్న రెండో సీసా ఖాళీ అయ్యాక లేబుల్ చింపేసి, గాజు సీసాల రీసైక్లింగ్ డబ్బాలోనే వేస్తాను.