పద్యం వెనకాల ఈల: మూడేళ్లుగా వాడుతున్న గ్రౌండ్ లూప్ ఐసోలేటర్

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు మీదకి కారెక్కించి ఇంజను ఆపాను, పాట మాత్రం ఆపలేదు. పక్క సీట్లో నాన్నగారు ఫోన్లో పద్యాలు పెట్టించుకుని కారు స్టీరియోలో వింటున్నారు. రాజోలు నుంచి దారంతా ఆ పద్యాల వెనకాల సన్నటి ఈల ఒకటి వస్తూనే ఉంది, యాక్సిలరేటర్ తొక్కితే పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. మామూలు సినిమా పాటల్లో అయితే అది వాయిద్యాల కింద పడి కొంత కప్పుకుపోయేది, కానీ పద్యంలో రాగం తీసి ఆగేచోట, హార్మోనియం ఒక్కటే మిగిలేచోట, ఈల నేరుగా చెవిలోకి దూరేది. ఇంజను ఆగగానే అదీ ఆగిపోయింది. గోదావరి మధ్యకొచ్చేసరికి పద్యం ఎంత శుభ్రంగా వినిపించిందంటే, నాన్నగారు నా వైపు తిరిగి "ఇప్పుడేం చేశావురా?" అన్నారు. తాళం ఒక మెట్టు వెనక్కి తిప్పాను, అంతే. నరసాపురం రేవులో దిగడానికి స్టార్ట్ చేశానో లేదో మళ్లీ మొదలు.

అప్పటికి రెండు నెలల నుంచి దీంతో పడుతున్నాను. ఒక షాపులో స్పీకర్లు పోయాయన్నారు, మార్పించాను, 2,800 రూపాయలు అయింది. కొత్త స్పీకర్లలో ఈల ఇంకా స్పష్టంగా వినిపించింది. ఇంకో చోట స్టీరియో సెట్టే మార్చేయమన్నారు. ఇద్దరిలో ఎవరూ కారు స్టార్ట్ చేసి, ఫోన్ పెట్టి, ఒక్క నిమిషం వినలేదు. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే. వినకుండా చెప్పే రోగనిర్ధారణకి డబ్బులు పోసేది మనం.

పంటు మీద జరిగింది మా ఊరి ఆటో ఎలక్ట్రీషియన్ గారికి చెప్పాను. పెద్దాయన, ట్రాక్టర్లూ లారీలూ చూసే మనిషి, కారు స్టీరియోలు ఆయన పనే కాదు. "ఆయ్, ఫోను ఛార్జింగులో పెట్టే వింటారాండీ?" అని అడిగారు. అవునన్నాను. "అయితే ఇంజను ఆడుతుండగానే ఆ ఛార్జరు పీకి చూడండి" అన్నారు. పీకాను. ఈల పోయింది. పెట్టాను. వచ్చింది. మూడుసార్లు చేసి చూశాం, మూడుసార్లూ అంతే. కారులో ఇలాంటి ఈల ఉన్నవాళ్లు ముందు చేయాల్సిన పరీక్ష ఇదే, పైసా ఖర్చు లేదు. ఛార్జర్ బదులు పవర్ బ్యాంకు తగిలించి చూడండి, అప్పుడు కూడా ఈల రాకపోతే మీ స్పీకర్లు బాగున్నాయి, సెట్టు బాగుంది, ఎవరేమన్నా మార్చకండి.

సంగతేమిటంటే, ఫోన్ రెండు దారుల్లో కారు బాడీకి తగులుతోంది. ఛార్జర్ లైటర్ సాకెట్‌లో ఉంది, దాని నెగెటివ్ బాడీ ఎర్తుకి, అంటే కారు రేకుకి తీగ కలిపిన చోటుకి పోతుంది. ఫోన్ నుంచి పాట తీసుకెళ్లే ఆక్స్ కేబుల్ స్టీరియోలో ఉంది, ఆ కేబుల్ పైన చుట్టిన జల్లెడ తీగ స్టీరియో ఎర్తుకి పోతుంది, అదీ చివరికి బాడీయే. ఎక్కడో డాష్‌బోర్డు వెనక ఒక ఎర్తు, ఇంకెక్కడో మరో ఎర్తు, ఈ రెండు చోట్లా వోల్టేజీ కచ్చితంగా ఒకటిగా ఉండదు, ఆ కాస్త తేడాతో ఆక్స్ కేబుల్ గుండానే కరెంటు తిరుగుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. ఇక ఆ కరెంటుకి ఈల గొంతు ఇచ్చేది ఆల్టర్నేటరు, మనవాళ్లు ఇప్పటికీ డైనమో అంటారు కదా, అదే. అది పుట్టించేది ఏసీ, లోపలి డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి, అయినా సన్నటి అలలు మిగిలిపోతాయి. మామూలు కారు డైనమో ఒక చుట్టు తిరిగితే 36 అలలు వస్తాయి, పైగా పుల్లీ సైజుల వల్ల అది ఇంజను కంటే రెండు మూడు రెట్లు వేగంగా తిరుగుతుంది. ఐడిలింగులో ఇంజను నిమిషానికి 800 చుట్ల దగ్గర ఉన్నా లెక్క వేస్తే సెకనుకి సుమారు వెయ్యి అలల పైమాటే, గేరు మార్చి తొక్కితే మూడు నాలుగు వేలు. మన చెవికి బాగా పదునైన మేర అదే. అందుకే అంత చిన్న శబ్దం అంత చిరాకు పెడుతుంది. ట్రెబుల్ తగ్గిస్తే ఈల తగ్గినట్టు అనిపిస్తుంది కానీ దాంతోపాటు పద్యంలో మాట కూడా మొద్దుబారిపోతుంది.

ఈ లూప్‌ని తెంచే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అప్పుడు తెప్పించాను, 350 రూపాయలు. బొటనవేలంత నల్లటి డబ్బా, ఒకవైపు ఆక్స్ జాక్ ఉన్న పొట్టి తీగ, ఇంకోవైపు జాక్ దూర్చుకునే కన్నం. బ్యాటరీ లేదు, స్విచ్ లేదు. ఫోన్ నుంచి వచ్చే కేబుల్ దీంట్లోకి, దీని తీగ స్టీరియోలోకి, అంతే పని. లోపల ఎడమ స్పీకరుకి ఒకటి, కుడి స్పీకరుకి ఒకటి, రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. పాట ఒక తీగ చుట్టలోంచి రెండో చుట్టలోకి అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది తప్ప రెండువైపులా తీగకి తీగ తగలదు. తీగ కలవకపోతే ఆ లూప్ తెగినట్టే. పెట్టిన రోజు ఇంటి ముందే కారు స్టార్ట్ చేసి, పాట ఆపి, వాల్యూమ్ నిండుగా పెట్టి, యాక్సిలరేటర్ తొక్కి చూశాను. ఏమీ లేదు. చెవి స్పీకరుకి ఆనించి వింటే సన్నగా బుస్సుమనే శబ్దం, అది ఏ స్టీరియోలో అయినా ఉంటుంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం 350 రూపాయలకి చాలా ఎక్కువ.

ఇంత మెచ్చుకున్నాను కాబట్టి లోపాలు కూడా చెప్పాలి. బేస్ తగ్గుతుంది. మొదటి వారం నాకు తెలియలేదు, మా తమ్ముడు డప్పుల పాట పెట్టగానే పట్టేశాడు, "అన్నయ్యా, దెబ్బ పడట్లేదేంటి?" అన్నాడు. నిజమే. ఛార్జర్ పీకేసి, ఐసోలేటర్ తీసేసి అదే పాట నేరుగా పెడితే డప్పు దెబ్బ గుండెకి తగులుతోంది, ఐసోలేటర్ పెడితే చర్మం మీద కొట్టినట్టు వినిపిస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ కోర్, అంటే తీగ చుట్టిన లోపలి ముక్క, చిన్నది కావడం వల్ల లోతైన బేస్ ఎక్కువ వాల్యూమ్‌లో వస్తే అది మోయలేదు, కోర్ నిండిపోయి శబ్దం నలుగుతుంది. దీనికి నేను కనిపెట్టిన సర్దుబాటు ఒకటే: ఫోన్ వాల్యూమ్ నిండుగా పెట్టకుండా ముప్పాతిక దగ్గర ఉంచి, మిగతాది స్టీరియో దగ్గర పెంచుకోవడం. ఫోన్ మరీ తక్కువ పెట్టినా తప్పే, స్టీరియో బాగా పెంచాల్సి వచ్చి బుస్సు శబ్దం పైకొస్తుంది. నాన్నగారి పద్యాలకి, హరికథలకి, వార్తలకి ఈ లోపం అసలు తెలియదు. డప్పులూ తీన్‌మార్లే మీ ప్రాణమైతే మాత్రం కొంచెం ఎక్కువ పెట్టి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లున్నది తీసుకోండి, డబ్బా చేతికి బరువుగా తగలాలి.

రెండో లోపం తీగ. ఏడాదిన్నరకి జాక్ మెడ దగ్గర లోపల తెగి కుడి స్పీకరు వస్తూ పోతూ ఉండేది. సోల్డరింగ్ చేయించి, పైన గొట్టం వేయించాను, ఇప్పటిదాకా బాగానే ఉంది. గేరు కడ్డీ దగ్గర వేలాడనివ్వకండి.

అసలు పాఠం రెండో వర్షాకాలంలో వచ్చింది. ఐసోలేటర్ పెట్టే ఉంది, అయినా ఈల మళ్లీ మొదలైంది. ఛార్జర్ పీకాను, పోలేదు. ఆక్స్ కేబుల్ మొత్తం పీకేసి ఎఫ్‌ఎం పెట్టాను, అందులోనూ ఈలే. అంటే దారి వేరు, ఈసారి శబ్దం స్టీరియో సొంత ఎర్తులోంచి వస్తోంది, ఐసోలేటర్ దాన్ని ఏమీ చేయలేదు. మళ్లీ పెద్దాయన దగ్గరికే వెళ్లాను. సెట్టు బయటికి లాగి నల్ల తీగ ఎక్కడికి పోతుందో వేలితో పట్టుకుంటూ వెళ్లి, డాష్‌బోర్డు కింద ఒక బోల్టు చూపించారు. తీగ చివర బోల్టు దూరే లగ్గు పచ్చగా చిలుం పట్టి ఉంది, కింద రేకు మీద ఎర్రటి తుప్పు, బోల్టు చేత్తోనే కదులుతోంది. మాది అంతర్వేది వైపు, సముద్రపు గాలి, పైగా వానాకాలం నాలుగు నెలలూ చెమ్మ, ఇక్కడ ఏ ఇనుమూ ఊరికే ఉండదు. ఆయన ఎమిరి కాగితంతో రేకు తెల్లగా మెరిసేదాకా రుద్ది, కొత్త లగ్గు వేసి, పళ్ల వాషర్ పెట్టి బిగించి, పైన వేసిలిన్ రాశారు. బ్యాటరీ నెగెటివ్ తీగ బాడీకి కలిసేచోట కూడా ఇదే వైద్యం. అరగంట పని, 200 తీసుకున్నారు. స్పీకర్ల బిల్లు గుర్తొచ్చింది.

ఎర్తు బాగైన తర్వాత కుతూహలం కొద్దీ ఐసోలేటర్ తీసి, ఛార్జర్ పెట్టి విన్నాను. ఈల ఉంది, కానీ మునుపటిలో పావు వంతు లేదు. నా లెక్కలో అందుకే ముందు ఎర్తు, తర్వాతే డబ్బా. డబ్బా ముందు కొంటే తప్పేం లేదు గానీ, కింద తుప్పు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ఎర్తు శుభ్రం చేశాక కూడా ఛార్జర్ లేకుండా ఈల వస్తుంటే, ముఖ్యంగా రాత్రిపూట లైట్లు కూడా అదురుతుంటే, డైనమోలో డయోడు చూపించుకోండి, అది స్టీరియో వాళ్ల పని కాదు.

పాత స్టీరియోకి బ్లూటూత్ రిసీవర్ తగిలించుకున్నవాళ్లు ఈ మధ్య చాలామంది ఉన్నారు, మా బావ కూడా ఒకడు. "వైరే లేదు కదా, ఈల ఎలా వస్తుంది బావా?" అని వాదన. వైరు ఉంది. ఆ రిసీవరు యూఎస్‌బీ ఛార్జర్లోంచి కరెంటు తీసుకుంటోంది, ఆక్స్‌లోకి పాట ఇస్తోంది, ఫోన్ స్థానంలో అది వచ్చింది, లూప్ మాత్రం అలాగే ఉంది. పైగా రిసీవర్ సొంత టిక్‌టిక్ శబ్దం కూడా తోడవుతుంది. నా ఐసోలేటర్ తీసి అతని రిసీవరుకీ ఆక్స్‌కీ మధ్య పెట్టాను, ఈలా టిక్కూ రెండూ పోయాయి, ఆ సాయంత్రమే తనూ ఒకటి ఆర్డర్ పెట్టుకున్నాడు. అదే ఫోన్లో పాటని కారు రేడియోకి పంపే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ పెట్టుకునేవాళ్లకి ఈ డబ్బాతో పనిలేదు, అక్కడ ఆక్స్ కేబులే లేదు. చవక ఛార్జర్ పెట్టగానే రేడియో గరగరమంటే కూడా ఇది కాదు మందు, ఛార్జరే మార్చాలి.

కొత్త ఫోన్‌కి ఇయర్‌ఫోన్ జాక్ లేదు, టైప్ సీ నుంచి ఆక్స్‌కి మార్చే ముక్క, దాంట్లోనే ఛార్జింగు కూడా ఇచ్చే రెండు కన్నాల రకం కొన్నాను. దాంతో ఈల పాత రోజుల కంటే గట్టిగా వచ్చింది, ఐసోలేటర్ పెట్టాక పోయింది. మూడేళ్ల పాత డబ్బా, అతుకు వేసిన తీగ, ఇంకా పనిచేస్తోంది. వచ్చే నెల బావ కారులో ఆంప్లిఫయర్ బిగిస్తున్నాం. బ్యాటరీ తీగ ఎడమవైపు నుంచి, ఆడియో తీగలు కుడివైపు నుంచి, ఎర్తు తీగ అర మీటరు దాటకుండా, రంగు గోకిన రేకు మీదకి. ఎమిరి కాగితం నేనే తెస్తానని చెప్పాను.